రక్తానికీ ఒక జమాఖర్చు

బి.కాం. చదివి ముప్పయ్యేళ్లుగా బ్యాంకులో అంకెలతో కాపురం చేస్తున్నవాణ్ణి. కాలేయం గురించి చెప్పే అర్హత నాకు లేదు. అయినా మా హోసూరు ఇళ్లలో నాటుకుపోయిన ఒక నమ్మకం గురించి చెప్పక తప్పడం లేదు: "లివరు చెడితే నెత్తురు పలచబడుతుంది."

మా అన్నకు మందు అలవాటు లేదు. పొట్ట, షుగరు ఉన్నాయి. ఫ్యాటీ లివర్ అని నాలుగేళ్ల కిందటే స్కానింగులో తేలింది. నిరుడు మోకాలి ఆపరేషనై మంచంమీద ఉండగా ఎడమ పిక్క వాచింది. చూడవచ్చిన పెద్దాయన ఒకరు, "లివరు మనిషికి నెత్తురు గడ్డ యాడ కడుతుందప్పా, కాపడం పెట్టండి" అన్నారు. వదిన మనసు ఒప్పక ఆసుపత్రికి తీసుకుపోయింది. సిరలో గడ్డ! అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పట.

డాక్టరు తమిళంలో చెప్పింది ఇంటికొచ్చి అన్నకు మన భాషలో ఇలా చెప్పాను. రక్తం గడ్డకట్టించే పదార్థాలు చాలావరకు కాలేయమే తయారుచేస్తుంది. గడ్డకట్టకుండా ఆపే ప్రోటీన్ సి వంటివీ అదే చేస్తుంది. జమా అదే, ఖర్చూ అదే. జబ్బు ముదిరితే రెండు పద్దులూ తరుగుతాయి. ఆ తూకం ఎటైనా ఒరగవచ్చు. ఇక కొవ్వు పేరుకున్న దశలో, ముఖ్యంగా ఊబకాయం, షుగరు తోడైతే, గడ్డకట్టించే ఫ్యాక్టర్ 8 వంటివి పెరుగుతాయి. కట్టిన గడ్డను కరిగించే పని మందగిస్తుంది. ఆపరేషను, కదలక పడుకోవడం వాటికి తోడవుతాయి.

మరి రక్త పరీక్షలో తెలియదా? ఐ.ఎన్.ఆర్. అనే పరీక్ష గడ్డకట్టించే వైపే చూస్తుంది, ఆపే వైపు చూడదు. ఒక్క జమా పేజీ చూసి ఖాతా సరిపోయిందని సంతకం పెట్టే ఆఫీసరు ఉంటాడా?

అలాగని ఎవరూ సొంతంగా ఆస్పిరిన్ మింగవద్దు. ముదిరిన జబ్బులో రక్తస్రావం భయమూ నిజమే. ఒక కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయవద్దు. ఏ ఆపరేషనుకు వెళ్లినా ఫ్యాటీ లివర్ సంగతి ముందే చెప్పండి. బరువు నూటికి ఏడు నుంచి పది పాళ్లు తగ్గితే కాలేయంలోని కొవ్వు, వాపు తగ్గుతాయి.

అన్న ఇప్పుడు రోజూ చెరువుగట్టు దాకా నడుస్తున్నాడు. నా స్కానింగులోనూ అదే మాట రాశారు గనుక, నేనూ వెంట నడుస్తున్నాను.