గద్వాల రోడ్డు మీద బ్లాక్ సబ్బత్

గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్లే దారికి ఏ పాటలు పెట్టుకోవాలని ఎవరైనా అడిగితే నేను బ్లాక్ సబ్బత్ అంటాను. నవ్వకండి. ఆ దారిలో ఒక్కసారి బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూడండి. ఎవరో పేర్చిపెట్టినట్టు గుండు మీద గుండు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, కింద వేరుశనగ చేలు. నింపాదిగా, బరువుగా సాగే ఆ గిటార్ ఈ రాళ్లకు అతికినట్టు సరిపోతుంది.

సబ్బత్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊరుంది. అందులో ఆస్టన్ అనే పేదల పేట. ఆ పేటకు చెందిన నలుగురు కుర్రాళ్లు ఓజీ ఆస్బోర్న్, టోనీ అయోమీ, గీజర్ బట్లర్, బిల్ వార్డ్ 1968లో ఒక బ్యాండ్ కట్టారు. గిటార్ వాయించే అయోమీకి 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో మిషన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే తీగలు నొక్కే చెయ్యే అది. ఇక వాయించలేవన్నారు. అతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. పైన తోలు అంటించాడు. నొప్పి తగ్గాలని సన్నటి తీగలు కట్టాడు, తర్వాత తీగల బిగువు కూడా తగ్గించాడు. బిగువు తగ్గేసరికి శబ్దం కిందికి దిగి ఇంకా బరువెక్కింది. హెవీ మెటల్ అని ఇప్పుడు మనం అంటున్నదానికి పునాదుల్లో ఆ శబ్దం ఒకటి.

వాళ్ల మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. విమర్శకులు చీల్చి చెండాడారు. వినేవాళ్లు మాత్రం వదల్లేదు. యాభై ఐదేళ్లయినా వదల్లేదు. మన వైపు ఎన్నడూ రాని ఆ బ్యాండ్‌కు ఇక్కడ కూడా నాలాంటివాళ్లు ఉన్నారంటే ఆ పట్టు ఎంతటిదో చూడండి.

కోటలో కాలేజీ

పొద్దున గద్వాలలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నేల కాబట్టి ఈ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. మాటలో కొంత కన్నడం, కొంత రాయలసీమ, ఎక్కువ పాలమూరు. తిండీ అంతే.

ఊరి మధ్యలో మట్టికోట. సోమనాద్రి అని జనం పిలుచుకునే సోమభూపాలుడు కట్టించిన కోట ఇది. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది. గుడితో పాటు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరు మీద డిగ్రీ కాలేజీ కూడా ఉంది. గోడలు చాలాచోట్ల కూలిపోయాయి. అయినా కోట చచ్చిపోలేదు. పొద్దున్నే భక్తులు, పదింటికి స్టూడెంట్లు, సాయంత్రం క్రికెట్ ఆడే పిల్లలు. మనుషులు వస్తూ ఉన్నంతకాలం పాతదేదీ పాడుబడినట్టు కాదు.

కోట గుమ్మం దగ్గర ఒక తమ్ముడు నల్ల టీషర్ట్ వేసుకుని కనిపించాడు. దాని మీద బ్లాక్ సబ్బత్ అని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"తమ్మీ, నువ్వు కూడా వింటవా వీళ్లను?" అన్నాను.

"ఎవలను అన్నా?"

టీషర్ట్ చూపించాను. కిందికి చూసుకుని నవ్వాడు. "గిది బ్యాండా అన్నా? నేను బ్రాండ్ అనుకున్న. సంతల నూటయాభైకి ఇచ్చిండు."

ఒక ఇయర్‌బడ్ తీసి అతనికిచ్చాను. మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట. వాన చప్పుడు, దూరంగా గంట, తర్వాత మూడే మూడు స్వరాలు. తమ్ముడు కళ్లు చిన్నవి చేసి విన్నాడు. ఒక నిమిషం దాటాక ఇయర్‌బడ్ తీసి, "భయం పెట్టిస్తుంది గానీ మంచిగుంది అన్నా. మన మొగులయ్య తాత కిన్నెర ఉంటది సూడు, మొదలుపెట్టుడు గట్లనే గుయ్యిమంటది" అన్నాడు.

నేను ఇన్నేళ్లుగా సబ్బత్ గురించి ఎన్నో పోలికలు చదివాను. ఇంత దగ్గరగా వచ్చింది ఒక్కటీ లేదు.

బీచుపల్లి వంతెన

గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తాకు వస్తే 44వ నంబర్ జాతీయ రహదారి తగులుతుంది. ఎడమకు తిరిగితే హైదరాబాద్, కుడికి తిరిగితే కర్నూలు దాటి బెంగళూరు. రాక్ వినే తెలుగు కుర్రాళ్లకు ఈ రోడ్డు మామూలు రోడ్డు కాదు. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు హైదరాబాద్ నుంచి అభిమానులు బస్సుల్లో, బైకుల మీద పోయింది ఈ రోడ్డు మీదే. ఆ రెండు బ్యాండ్లూ సబ్బత్‌ను తలుచుకోకుండా తమ కథ చెప్పుకోలేవు. అలా చూస్తే అయోమీ వేళ్ల నుంచి మొదలైన శబ్దం బీచుపల్లి వంతెన దాటి వెళ్లిందన్నమాట.

వంతెన పక్కనే ఆంజనేయస్వామి గుడి. కింద కృష్ణ. అందరిలాగే మా బస్సులోవాళ్లూ కిటికీలోంచి రూపాయి బిళ్లలు నీళ్లలోకి విసిరి దండం పెట్టుకున్నారు. బర్మింగ్‌హామ్‌లోనూ ఇలాంటి వంతెనే ఒకటుంది. బ్రాడ్ స్ట్రీట్‌లో కాలువ మీద ఉండే ఆ చిన్న వంతెనకు 2019లో బ్లాక్ సబ్బత్ వంతెన అని పేరు పెట్టారు. నలుగురి బొమ్మలున్న బెంచీ వేశారు. 2025 జులై 22న ఓజీ చనిపోతే జనం ఆ బెంచీ దగ్గరికే వచ్చి పూలు పెట్టారు. జులై 30న శవయాత్ర అక్కడ ఆగింది. వేలమంది రోడ్డుకు రెండు వైపులా నిలబడ్డారు. నది మీద అయితేనేం, కాలువ మీద అయితేనేం, మనుషులు మొక్కుకునే తీరు ఒకటే.

వనపర్తిలో జంట కవుల టూర్

పెబ్బేరు దగ్గర హైవే వదిలి వనపర్తి వెళ్లాను. ఇక్కడి సంస్థానాధీశుల భవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. రాజు కూర్చున్నచోట ఇవాళ మనలాంటివాళ్ల పిల్లలు డ్రాయింగ్ బోర్డులు పట్టుకుని తిరుగుతున్నారు. గద్వాల కోటలాగే ఇదీ చదువు చెప్పి బతికిపోయింది.

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు ఒకప్పుడు కవులు టూర్ వేసుకుని వచ్చేవారు. తిరుపతి వెంకట కవులనే జంట కవులు కూడా ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేశారు. అవధానమంటే సభలో అడిగినవాడికి అడిగినట్టు అప్పటికప్పుడు పద్యం చెప్పడం. ఇప్పటి భాషలో లైవ్ షో. చూసినవాళ్లు ఊరూరా చెప్పుకునేవారు, రాజులు సన్మానం చేసి పంపేవారు. ఇద్దరూ మీసాలు పెంచడం గురించి కూడా కథలున్నాయి. రాక్ స్టార్ల జుట్టు గురించి కథలున్నట్టే.

కానీ అది సభ లోపలి సంగతి. సభ బయట ఉన్నవాళ్లకు ఏ పాట? మాదిగ వాడలో, ఎల్లమ్మ గుడి ముందు, కూలి చేసి వచ్చినవాళ్లకు రాత్రి పూట ఏ పాట? దానికి జవాబు నాగర్‌కర్నూల్ దారిలో ఉంది.

పన్నెండు మెట్లు

వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పల్లె వెలుగు బస్సెక్కాను. ఆ జిల్లాలోని అవుసలికుంట దర్శనం మొగులయ్యది. ఆయన చేతిలో ఉండేది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, దానికి ఎండిన బుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు. కంపెనీలో తయారు కాదు, షాపులో దొరకదు. వాయించేవాడే చేసుకోవాలి, చెడితే వాయించేవాడే బాగు చేసుకోవాలి. సీసా కరిగించి వేళ్ల తొడుగులు చేసుకున్న అయోమీ ఈ కిన్నెరను చూస్తే చేతిలోకి తీసుకోకుండా ఉండడు.

కిన్నెర మీద పాడే కథలూ అలాంటివే. నిజాం కాలంలో ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టాడని పాలమూరు జనం చెప్పుకునే పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ. రాజుల కథలు కావు. రాజులను ఎదిరించినవాళ్ల కథలు.

2021 సెప్టెంబర్ 2న భీమ్లా నాయక్ టైటిల్ సాంగ్ వచ్చింది. తమన్ సంగీతం. మొదట్లో వినిపించే ఆ గొంతు, ఆ కిన్నెర మొగులయ్యవి. ఒక్క రోజులో రాష్ట్రమంతా రింగ్‌టోన్ అయిపోయింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి జాగా ప్రకటించింది. అక్కడితో ఆగితే ఇది మంచి సినిమా కథ. కానీ 2024 మేలో ఇంకో వీడియో వైరల్ అయింది. పద్మశ్రీ మొగులయ్య హైదరాబాద్ శివార్లలో కట్టడం పనిలో కూలి చేస్తున్న వీడియో. ఆ తర్వాత సాయం చేస్తామని కొందరు ముందుకొచ్చారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మోసింది మనవాళ్లే. అంత పేరున్న కళాకారుడు కూడా చివరికి తట్ట పట్టాల్సి వచ్చింది.

నాగర్‌కర్నూల్ బస్టాండ్ దగ్గర టీ తాగుతూ ఒక పెద్దాయనతో ఈ మాటే అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "మా చిన్నప్పుడు కిన్నెరోళ్లు వస్తే రాత్రంతా కూసోని ఇంటుంటిమి బిడ్డా. తెల్లారినంక మా అమ్మ చేటల జొన్నలు తెచ్చి పోస్తుండె. ఇన్నోళ్లు ఉత్తచేతుల్తోని పోవద్దు అంటుండె" అన్నాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఫోన్ల ఇంటున్నరు. ఫోన్ల చేట యాడికెల్లి తెస్తరు?"

కిన్నెర వాయించే డక్కలి కళాకారులు తరతరాలుగా అలాగే బతికారు. మాదిగ వాడలో కథ చెప్పడం, ఆ వాడ ఇచ్చేది తీసుకోవడం. చేటెడు జొన్నలే టికెట్. ఇచ్చేవాళ్లు కూడా పేదలే. అయినా ఇచ్చారు. అందుకే కిన్నెర ఇన్ని తరాలు నిలిచింది.

అభిమానం అంటే ఏమిటి?

2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ స్టేడియంలో సబ్బత్ చివరి షో జరిగింది. ఓజీ పెరిగిన ఆస్టన్‌లోనే ఉందా స్టేడియం. పార్కిన్సన్ జబ్బుతో ఓజీ లేచి నిలబడలేడు. నల్ల సింహాసనంలో కూర్చునే పాడాడు. 2005 తర్వాత నలుగురూ కలిసి వేదిక ఎక్కడం అదే మొదటిసారి, అదే ఆఖరుసారి. 40 వేలమందికి పైగా వచ్చారు. టికెట్లు పెట్టిన కాసేపట్లోనే అయిపోయాయి. మెటాలికా లాంటి బ్యాండ్లు వచ్చి సబ్బత్ పాటలు వాయించి గురుదక్షిణ చెల్లించుకున్నాయి. వచ్చిన లాభం పార్కిన్సన్ పరిశోధనకు, పిల్లల ఆసుపత్రికి, పిల్లల హాస్పిస్‌కు వెళ్లింది.

ఆ వీడియో చూసినప్పుడు నాకు ఓజీ గొంతు కంటే జనం ఎక్కువ గుర్తుండిపోయారు. తాతలు, వాళ్ల పక్కన మనవళ్లు. ఆ తాతలు 1970లో రికార్డు కొన్నారు, తర్వాత క్యాసెట్ కొన్నారు, తర్వాత సీడీ, ఇప్పుడు టికెట్. విమర్శకులు వద్దన్న బ్యాండ్‌ను 55 ఏళ్లు నడిపించింది వాళ్ల జేబులే. వాళ్లు ప్రేమించి ఊరుకోలేదు. ప్రతిసారీ ఏదో ఒకటి చేట నింపి తెచ్చారు.

మన కిన్నెర మీద మనకు ప్రేమ తక్కువా? కానే కాదు. గద్వాలలో ఆ తమ్ముడికి సబ్బత్ వినగానే మొగులయ్య గుర్తొచ్చాడు. ప్రేమ లేకపోతే అలా గుర్తు రాడు. తక్కువైంది చేట. పాటను కోట్లసార్లు చూస్తాం, స్టేటస్ పెడతాం, ఎమోజీ కొడతాం. అదంతా పాటను పెద్దది చేస్తుంది. పాడినవాడి ఇంట్లో పొయ్యి మాత్రం వెలిగించదు.

కిన్నెర వాయించేవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. వాళ్ల పిల్లలు కిన్నెర పట్టాలా, తట్ట పట్టాలా అనేది ఢిల్లీలో తేలే విషయం కాదు. మన ఊర్లలోనే తేలుతుంది. కాలేజీ డేకు పిలవచ్చు. చెల్లె పెళ్లిలో ఒక గంట పెట్టించవచ్చు. స్కూల్లో పిల్లలకు వినిపించి, ఇచ్చేది గౌరవంగా ఇచ్చి పంపవచ్చు.

ఈసారి మీ గల్లీలో వినాయకుడిని నిలబెట్టినప్పుడు తొమ్మిది రాత్రుల డీజే ఖర్చు లెక్కేసుకోండి. అందులో ఒక్క రాత్రి డబ్బు పక్కన పెట్టి కిన్నెర చెప్పించండి. పండుగ సాయన్న కథ మొదలయ్యాక సౌండ్ సరిపోలేదని ఎవరైనా అంటే, ఆ బాక్సులు ఎలాగూ ఉన్నాయి కదా, ఒక మైకు తెచ్చి కిన్నెర బుర్ర ముందు పెట్టండి.