స్వాధీనం వేరు, స్వామ్యం వేరు

జార్ఖండ్ పట్టణాలలో ఇంటిపన్నును 'హోల్డింగ్ టాక్స్' అంటారు. ఇల్లు ఎవరి చేతిలో ఉన్నదో ఆ మాట చెబుతుంది, ఎవరిదో చెప్పదు. ఈ చిన్న తేడా తెలుసుకోవడానికి జంషెడ్‌పూర్‌లోని ఒక తెలుగు పెద్దమనిషికి డెబ్బయ్యవ ఏడు రావలసి వచ్చింది.

ఆయన 1968లో శ్రీకాకుళం జిల్లానుండి వచ్చి కర్మాగారంలో ఫిట్టరుగా చేరాడు. 1983లో ఒక బస్తీలో పదిరూపాయల స్టాంపు కాగితంమీద వ్రాయించుకుని మూడు సెంట్ల జాగా కొన్నాడు. దానిలో ఇల్లు లేపి, 2008లో ఉద్యోగవిరమణ కాగానే క్వార్టరు ఖాళీచేసి అందులో చేరాడు. 2018లో హైదరాబాదులోని కుమారుడు, "అమ్మేసి మా దగ్గరకు వచ్చేయండి నాన్నా" అన్నాడు. కొనడానికి వచ్చినవాడు కాగితాలు చూపమన్నాడు. పెద్దాయన ట్రంకుపెట్టె తెరిచి, ముప్పయ్యయిదేళ్ళ కాగితాలన్నీ మూటగట్టుకుని, సాక్చీలో కోర్టుకు వెళ్ళే ఒక తెలుగు న్యాయవాది ముందు పెట్టాడు.

న్యాయవాది అన్నీ ఓపికగా చదివి, "బాబాయిగారూ, వీటిలో పనికిరాని కాగితం ఒక్కటీ లేదు. కాని మీకు కావలసిన కాగితం కూడ లేదు" అన్నాడు.

పన్ను రశీదు, కరెంటు బిల్లు, స్టాంపు కాగితం స్వాధీనానికి సాక్ష్యాలు. స్వామ్యం వాటివల్ల పుట్టదు. అమ్మినవాడికి హక్కు ఉంటేనే కొన్నవాడికి హక్కు వస్తుంది. అమ్మినవాడికే అది లేదు. పన్నెండేళ్ళు అనుభవిస్తే నేల మనదవుతుందని ఊళ్ళలో ఒక నమ్మకం ఉన్నది. 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఆ పన్నెండేళ్ళు ప్రైవేటు ఆస్తికి. సర్కారు నేలకయితే ముప్పయి. ఏళ్ళు గడిచినంతమాత్రాన చాలదు. యజమాని హక్కును కాదంటూ, బాహాటంగా, ఎడతెగకుండా అనుభవించినట్లు కోర్టులో ఋజువు కావాలి.

ఇంతకూ ఆ పట్టణంలో నేలకు యజమాని ఎవరు? ఈ ప్రశ్నకు జంషెడ్‌పూర్‌లో వచ్చేటంత చిత్రమైన జవాబు మరొకచోట రాదు. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ సాక్చీ పరిసరాలలో భూములు సంపాదించి కర్మాగారాన్నీ పట్టణాన్నీ కట్టింది. 1919లో జంషెడ్‌జీ పేరు ఊరికి వచ్చింది. తరువాత బీహారు భూసంస్కరణల చట్టం జమీందారీలను రద్దుచేసింది. 1956 జనవరి 1 నుండి ఈ భూములు రాష్ట్రప్రభుత్వపరమైనాయి. అంత పెద్ద కంపెనీ కూడ తాను కట్టిన ఊళ్ళోనే లీజుదారు అయింది. 1980ల నడుమ కుదిరిన నలభయ్యేళ్ళ లీజును వెనుకటి తేదీతో 1956 నుండి లెక్కించారు. 2005లో జార్ఖండ్ ప్రభుత్వం దానిని 1996 నుండి ముప్పయ్యేళ్ళకు, అంటే 2025 డిసెంబరు 31 వరకు, పునరుద్ధరించింది. అప్పుడు 86 బస్తీలున్న సుమారు 1,800 ఎకరాలను లీజునుండి వేరుచేశారు. పెద్దాయన మూడు సెంట్లు ఆ ఎకరాలలోనివే.

బస్తీలవారు అడిగింది 'మాలికానా హక్కు'. 2018 ప్రాంతంలో ప్రభుత్వం ఇస్తామన్నది లీజు: 1985 జనవరి 1కి ముందునుండి ఉన్నవారికి, పది డిసిమళ్ళకు మించకుండా. డిసిమలంటే మన సెంటే. పెద్దాయన ఇల్లు ఆ తేదీకి ముందుదే. అయినా ఇరుగుపొరుగువారు వద్దన్నారు. లీజు పుచ్చుకుంటే యజమాని మరొకరని మన చేతితో వ్రాసి ఇచ్చినట్లేనని వారి భయం.

ఆ భయం ఉత్తది కాదు. కౌలు సాగుతున్నంతకాలం, కౌలు మొదలైననాడు భూస్వామికి ఆ నేలమీద హక్కు లేదని కౌలుదారు వాదించరాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోని ఈ నియమం 2024లో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉన్నది. అటు లీజు లేకుంటే ఉన్నది వట్టి స్వాధీనమే. దేనిమీద కాలు మోపినా ఇంకొకటి జారిపోతుంది.

మాలికానా అన్న మాటకు ఒక పాత కథ ఉన్నది. ఇంగ్లీషువారి కాలంలో బీహారులో, శిస్తు ఒప్పందానికి ఇష్టపడని భూస్వామిని ప్రక్కకు తప్పించి, సాధారణంగా శిస్తులో పదోవంతు అతనికి చెల్లించేవారు. ఆ చెల్లింపు పేరే మాలికానా. నేల చేయిజారినవాడికి దక్కే సొమ్ము పేరు, నేలకోసం పోరాడేవారి నినాదమైంది. చట్టపుమాటలకు ఇటువంటి విధివిలాసం క్రొత్త కాదు.

పెద్దాయనకు ఈ కథ వినగానే తండ్రి గుర్తుకు వచ్చాడు. తండ్రి కరణం. ఆయన చేసే కొలువుకు ప్రతిఫలం మాన్యం. పదవి, జీతం, ఆస్తి మూడూ ఒక్క మాటలో ఇమిడి, తండ్రినుండి పెద్దకొడుక్కు దిగేవి. గుంటూరు జిల్లాలో ఒక గ్రామాన్ని రెండు చేసినప్పుడు వచ్చిన మునసబు పదవి తగాదాలో, వంశాన్నిబట్టి సర్కారు పదవి ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక కరణీకాన్ని నమ్ముకోవద్దని తండ్రే కొడుకును రైలెక్కించాడు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పదవులనే రద్దుచేసింది.

క్వార్టరు సంగతి ఆయనకు ముందే తెలుసు. ఉద్యోగంతో వచ్చినది ఉద్యోగంతో పోతుంది. చట్టం దానిని అనుమతి అంటుంది. కౌలుకూ అనుమతికీ గల భేదాన్ని 1959లో జస్టిస్ కోకా సుబ్బారావు ఒక తీర్పులో వివరించారు: కాగితంమీద వ్రాసిన పేరు కాదు, ఇరుపక్షాల ఉద్దేశం చూడాలి, ఆస్తిలో హక్కు కల్పిస్తే కౌలు, కేవలం వాడుకోనిస్తే అనుమతి.

పెద్దాయనను ఆశ్చర్యపరచినది మరొకటి. మూట అడుగున గ్రాట్యుటీ కాగితం ఉన్నది. దానిని ఆయన ఇన్నేళ్ళూ దొరల బహుమానంగానే భావించాడు. మాట పుట్టుక కూడ అటువంటిదే. కాని 1972 చట్టం ప్రకారం అది ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున, గరిష్ఠ పరిమితికి లోబడి, అడిగి పుచ్చుకోదగిన హక్కు. అప్పులవాడు కోర్టుకు వెళ్ళి జప్తు చేయించలేడు. బీహారు విద్యాశాఖ అధికారి ఒకరి వ్యాజ్యంలో 1971లో సుప్రీంకోర్టు, పింఛను దయాధర్మం కాదు, ఆస్తి అన్నది. 2013లో జార్ఖండ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న మరొక కేసులో, చట్టం ఆధారం లేనిదే ఉద్యోగి పింఛనూ గ్రాట్యుటీ ఆపరాదని, అవి 300ఎ అధికరణం క్రింద ఆస్తేనని తేల్చింది.

"అంటే, ఇటుకమీద ఇటుక పేర్చినది నాది కాదు. దయతో ఇచ్చారనుకున్నది నాది" అన్నాడాయన. న్యాయవాది ఔననలేదు, కాదనలేదు. ఫీజు మాత్రం పుచ్చుకోలేదు.

కొనవచ్చినవాడికి ఆయన ఉన్నమాట చెప్పాడు. వాడు ధర సగానికి దించాడు. ఆ రాత్రి కుమారుడు ఫోనులో, "అయితే అది మనది కాదా?" అని అడిగాడు.

"ఉండడానికి మనదేరా. అమ్మడానికి కాదు."

బేరం అంతటితో ఆగింది. లీజు దరఖాస్తు సంగతి మాత్రం భార్యాభర్తల నడుమ తేలలేదు. "ఏదో ఒక కాగితం చేతిలో ఉండనివ్వండి. మన తరువాత పిల్లలు ఎవరిని పట్టుకు తిరుగుతారు?" అని ఆవిడ. బస్తీ అంతా మాలికానా అడుగుతుంటే తానొక్కడూ వెళ్ళి సంతకం ఎట్లా పెట్టడమని ఆయన.