రాజుగారి పిట్ట

అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా నర్సీపట్నం, అక్కణ్ణుంచి ఘాట్ ఎక్కితే లంబసింగి. ఈ దారిన పోయే పక్షుల పిచ్చోళ్లకి జానెడు తెల్లతోకతో ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ కనబడితే చాలు, కెమెరాలన్నీ అటే తిరుగుతాయి. పొదల్లోని మట్టిరంగు పిట్టల్ని అడిగే నాథుడుండడు.

నాకు ఆ మట్టిరంగు వాటిలోనే ఒకదాని మీద మమకారం. అబ్బాట్స్ బాబ్లర్. పురుగులు తిని బతికే అడవిపిట్ట. చిక్కటి పొదల మరుగున, నేలకి కాస్త ఎత్తులో తిరుగుతుంది. వీపు గోధుమరంగు, గొంతు బూడిద కలిసిన తెలుపు, తోక కింద కాస్త ఎర్రజీర. అవే కొండల్లో దీని చుట్టం పఫ్ త్రోటెడ్ బాబ్లర్ కూడా ఉంది. దానికి నెత్తిన ఎర్రమట్టి రంగు, రొమ్ము మీద ముదురు చారలు. ఎండుటాకుల్లో నడుస్తూ పురుగులేరుకుంటుంది. మనదానికి చారల్లేవు, తోక పొట్టి, ముక్కు మాత్రం దిట్టం. అన్నిటికన్నా నమ్మదగ్గ ఆనవాలు ఈల: మూడు నాలుగు స్వరాలు, మళ్లీ మళ్లీ అదే వరస.

"ఏదీ, ఫొటో చూపించు బావా" అంటాడు మా బావ. ఆకులూ నీడలూ చూసి పెదవి విరుస్తాడు. ఫోన్లో ఈల వినిపిస్తే, "దీనికా ఇంత డీజిలు తగలేశావు?"

అబ్బాట్ అంటే అరకాన్‌లో పనిచేసిన ఆంగ్ల అధికారి. ఆయన పేరు ఈ పిట్టకి 1845లో బ్లైత్ పెట్టాడు. నేపాల్, ఈశాన్య భారతం మొదలు ఆగ్నేయాసియా దాకా దీని సంసారం. వాటికెక్కడో దూరంగా, మన తూర్పు కనుమల్లో ఓ పాయ ఉండిపోయింది. అనకాపల్లి ఇంకా విశాఖ జిల్లాలో ఉన్న రోజుల్లో, విశాఖకి చెందిన పక్షి శాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఈ కొండల పక్షుల్ని శ్రద్ధగా పరిశీలించారు. 1985లో డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్ ఇక్కడి పిట్టని వేరే ఉపజాతిగా తేల్చి, కృష్ణరాజుగారి పేరే పెట్టారు: కృష్ణరాజుయి. తర్వాత ముగ్గురూ కలిసి విశాఖ కనుమల పక్షుల మీద బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. మనూళ్లలో ఎవర్నడిగినా ఈ సంగతి తెలీదంటారు. నాకదే గుర్రు.

లంబసింగికి జనం డిసెంబరు, జనవరిల్లో పొగమంచు కోసం ఎగబడతారు. రాజుగారి పిట్ట కావాలంటే వేసవి మేలు. గూళ్లు కట్టే కాలం కనక ఈల జోరుగా ఉంటుంది. తెల్లారేసరికి కొండమీదుండాలి కాబట్టి ముందురోజు రాత్రి నర్సీపట్నంలో మకాం వెయ్యండి. బావల్ని మాత్రం వెంట తీసుకెళ్లకండి.