ఖాళీ అని ఎవరు రాశారు?



మొన్న రాత్రి హాస్టల్‌లో కరెంటు పోతే 'బోహు' అనే మాట గురించి మాట్లాడుకున్నాం. హీబ్రూ మాట. తెలుగు బైబిల్‌లో 'శూన్యము' అని ఉంటుంది. హీబ్రూ బైబిల్ మొత్తంలో 3 చోట్లే వస్తుంది: ఆదికాండము 1:2, యెషయా 34:11, యిర్మీయా 4:23. ఎక్కడా ఒంటరిగా రాదు, పక్కన 'తోహు' ఉండాల్సిందే.

ఆదికాండంలో అది ఇంకా ఏ ప్రాణీ పుట్టని భూమి. యిర్మీయాలో మనుషులు లేరు, పిట్టలు కూడా ఎగిరిపోయాయి. యెషయాలో దేవుడు ఎదోము దేశం మీద కొలతాడు చాపి, గుండు వేలాడదీస్తాడు. మేస్త్రీ ఇల్లు కట్టడానికి వాడే సామానే, అక్కడ పాడుపెట్టడానికి.

అది చదివాక మాకు మా ఊరి సర్వే గుర్తొచ్చింది. తాతలు కొట్టిన పోడుని కొలిచి, కాగితంలో ఖాళీ అని రాసుకుపోయారు. అప్పటికి చేలో జొన్న కంకి మీదుంది. మా నాన్నలకి చదువు రాదు, వేలిముద్ర వేసేశారు.

బోహు అంటే మనిషి లేని నేల. మనం ఉండగా ఆ మాట మన నేలకి చెల్లదు. ఈ సెలవులకి ఇంటికెళ్తే ఆ కాగితాలు తీసి చదవండి. మన ఇళ్లల్లో చదవగలిగిన మొదటివాళ్లం మనమే కదా.