పాటకు అన్నం పెట్టిన ఊరు

చేతి ఉంగరం అమ్మితే 8 రూపాయలొచ్చాయి. నిజానికి దాని ఖరీదు 40 రూపాయలని చెబుతారు. కానీ కృష్ణా జిల్లా నుంచి బయల్దేరిన ఆ కుర్రాడికి అప్పుడు కావలసింది దారిఖర్చే. తీరా విజయనగరం చేరేసరికి సంగీత కళాశాలకు వేసవి సెలవులు! ఆ కుర్రాడి పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు.

ఎక్కడి కృష్ణా తీరం, ఎక్కడి విజయనగరం? పాట నేర్చుకోవాలనుకున్న తెలుగు పిల్లలకు అప్పట్లో ఈ ఊరే పెద్ద దిక్కు మరి.

పూసపాటి రాజులు ఇక్కడ కోటకు పునాది వేసింది 1713లో. విజయ నామ సంవత్సరం, విజయదశమి రోజు, అదీ జయవారం... అంటూ స్థానికులు ఇప్పటికీ మురిపెంగా లెక్కలు చెబుతారు. చరిత్రలో మాత్రం అన్నీ విజయాలే కావు. 1757లో బొబ్బిలి యుద్ధం. కోట గెలిచిన రాజు తన గుడారంలోనే తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. 1794లో పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరులో చిన విజయరామరాజు నేలకొరిగాడు. కత్తి వల్ల ఈ ఊరికి మిగిలింది తక్కువే. పేరు తెచ్చింది పాటా, పద్యమూ, నాటకమూ.

1879 నుంచి 1897 దాకా ఏలిన ఆనంద గజపతి పండితులనూ గాయకులనూ చేరదీశారు. గురజాడ ఆ కొలువులోని వారే. 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి రంగస్థలం ఎక్కింది ఇక్కడే. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు ఈ ఊళ్లోనే వెలిగారు. కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి ఆయన హరికథ మొదలెడితే జనం కదిలేవారు కాదట. కథ రాసేదీ ఆయనే, పాడేదీ ఆయనే, ఆడేదీ ఆయనే. రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో ఒకేసారి అయిదు తాళాలు వేసి చూపేవారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఒంటిచేత్తో నడిచే కళాబృందం!

1919లో కోటలో ఓ చిన్న సంగతి జరిగింది. కొలువులోని ఒక ఉద్యోగి కొడుక్కి చూపు లేదు. ఆ బిడ్డ బతుకు ఎలాగని తండ్రి బెంగ. పిల్లాడికి సంగీతం నేర్పిస్తే? ఒక్కడికి నేర్పే బదులు నలుగురికీ నేర్పే బడే పెడితే? అలా విజయరామ గజపతిరాజు చేతుల మీదుగా విజయరామ గాన పాఠశాల పుట్టిందని చెబుతారు. తొలి ప్రిన్సిపాల్ నారాయణదాసే.

ఆ బడిలో చేరదామని ఓ పాతికేళ్ల యువకుడు వచ్చాడు. చేతిలో వయొలిన్, చూపు అంతంతమాత్రం. వాయించమన్నారు దాసుగారు. విన్నాక, నువ్వు విద్యార్థివేమిటంటూ ఏకంగా పంతులుద్యోగమే ఇప్పించారట. ఆ యువకుడే ద్వారం వెంకటస్వామి నాయుడు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను సొంతంగా కచేరీ చేయగల వాద్యంగా నిలబెట్టిన వారిలో ఆయనది ముందువరస. 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. తర్వాతి రోజుల్లో ఈ ఊరి ఆడపిల్ల పి.సుశీల కూడా ఈ కళాశాలలోనే చదువుకున్నారు.

ఇక మన ఉంగరం కుర్రాడి సంగతి. సెలవులైనా ప్రిన్సిపాల్ ఉండటానికి చోటిచ్చారు. ఇంటికో పూటగా వారాలు చేసుకుంటూ గడుపుతుంటే, తోటి విద్యార్థులు చేసిన ఓ తప్పు అతని నెత్తిన పడింది. గెంటేశారు. ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు. అప్పుడు ఆదుకున్నవారు పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చినగురువుగారంటే ఆ ప్రాంతంలో తెలియనివారు లేరు. పాఠం చెబుతానన్నారు. కానీ ఆయనదీ లేమి సంసారమే. విద్య పెట్టగలరు, అన్నం పెట్టలేరు.

మరి అన్నం? ఓ సాధువు మధుకరం నేర్పాడు. కుర్రాడు భుజాన జోలె కట్టుకుని వీధి వీధీ తిరిగాడు. రెండు పూటలకు సరిపడా అన్నం దొరికేది. మిగిలింది గుడ్డలో కడితే చీమలు పట్టేవి. మేనమామ పంపిన డబ్బులతో ఓ డబ్బా కొనుక్కున్నాడు. కళాశాల తెరిచి, సీటు దొరికాక గానీ రాజావారి సత్రంలో భోజనం కుదరలేదు.

రాజుల పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి. ఆ జోలెలో పిడికెడు అన్నం వేసిన తల్లుల పేర్లు ఎక్కడా ఉండవు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే గుమ్మంలోకి వచ్చిన ఆ పిల్లాడి గొంతే తర్వాత ఊరి సినిమా హాల్లో వినిపిస్తోందని వాళ్లలో ఎంతమంది పోల్చుకున్నారో!

ఘంటసాల మాత్రం గురువుగారి ఇంటిని మరవలేదు. మద్రాసులో తను స్థిరపడ్డాక శాస్త్రిగారి కుమారుడు పట్రాయని సంగీతరావును తన దగ్గరికి పిలిపించుకున్నారు. 1974లో ఘంటసాల కన్నుమూసేదాకా హార్మోనియం ముందు కూర్చున్నది ఆయనే.