నేను పట్టిన కుందేలు

‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు’ అనే సామెతను చిన్ననాటి నుండి వింటూనే ఉన్నాను. మొండివాదం చేసేవారిని ఎత్తిపొడవడానికి మన పెద్దలు వాడే మాట అది. ఆ మాట ఒకనాడు నాకే వర్తిస్తుందనీ, అదీ నిజమైన కుందేలు మూలంగానే వర్తిస్తుందనీ గత వేసవి దాకా నేనెరుగను.

మాది కాణిపాకం. వరసిద్ధి వినాయకుని ఆలయానికి కూతవేటు దూరంలో మా ఇల్లు. ఏప్రిల్ నెలలో ఒకనాడు మా మేనమామ, చిత్తూరులో కుందేళ్ళు పెంచేవారి వద్ద నుండి ఒక తెల్లని పిల్లను అట్టపెట్టెలో పెట్టి తెచ్చి నా చేతికిచ్చారు. దాని వయస్సు ఆరు వారాలు. దానిని చూచి మా అవ్వ ‘చెవులపిల్లి’ అన్నది. కళాశాలలో ఉర్దూ చదివే నా మిత్రుడొకడు ‘ఖర్గోష్’ అన్నాడు. ఆ పారసీక పదానికి ‘గాడిద చెవులు గలది’ అని అర్థమట. రెండు భాషలవారూ దానిని చెవులను బట్టే గుర్తించారని ఇద్దరమూ నవ్వుకొన్నాం. ఆ చెవుల ప్రయోజనమేమిటో మాత్రం అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

కుందేలును గురించి నాకున్న జ్ఞానమంతా బొమ్మల పుస్తకాలలోనిది. బొమ్మలో కుందేలు నోట క్యారెట్ ఉంటుంది గనుక పూటపూటకూ క్యారెట్ ముక్కలు పెట్టాను. పసిది గదా అని రొట్టెను ఆవుపాలలో నానబెట్టి తినిపించాను. ఇంద్రజాలికులు ఎత్తినట్లు చెవులు పట్టుకొని ఎత్తాను. రేకుల కప్పు గల ముందు గదిలో దానికి నివాసం కల్పించాను. ఒకనాటి వేకువన అది తన మెత్తని రెట్టను తానే తినడం చూచి, అసహ్యించుకొని గదిమాను. ‘కాస్త గడ్డి వేసి చూడు నాయనా’ అని అవ్వ రెండు మార్లు చెప్పింది. ‘ఇది నీ మేక కాదులే అవ్వా’ అని ఆమె మాటను త్రోసిపుచ్చాను.

ఎనిమిదవ నాటి సాయంకాలం అది ఒక మూలకు చేరి ముడుచుకొని కూర్చుంది. కన్నులు సగం మూసి, పళ్ళు నూరుతున్నది. క్యారెట్ ముక్కను ముట్టలేదు. ఉదయం నుండి ఒక్క పెంటిక అయినా వేయలేదు. ఎండకు అలసినది, రాత్రి నిద్రపోతే తేరుకొంటుందని నేననుకొన్నాను. అవ్వ వచ్చి దాని పొట్ట తడిమి, ‘మేత ముట్టని జీవాన్ని తెల్లారేదాకా పెట్టుకోకూడదు, లే’ అన్నది.

మా ఊరి స్థలపురాణం మీలో చాలమంది ఎరిగినదే. గుడ్డి, మూగ, చెవిటి అయిన ముగ్గురు సోదరులు బావి త్రవ్వగా స్వామి వెలసినాడంటారు. ఆ సాయంకాలం మా ఇంట మూగది కుందేలు, చెవిటివాడను నేను, కన్నులున్నది అవ్వ ఒక్కతెకే.

ఆటోలో సుమారు 12 కిలోమీటర్లు ప్రయాణం చేసి, చిత్తూరులో ఒక పశువైద్యుని ఇంటి తలుపు తట్టాం. ఆయన దానిని పరీక్షించి, పేగుల కదలిక మందగించిందని చెప్పి, చర్మం క్రింద సెలైను ఎక్కించి, నొప్పికి మందు ఇచ్చారు. ‘బాబూ, నీవు పెట్టినవన్నీ ప్రేమతో పెట్టినవే. కాని దాని పేగులు గడ్డి కోసం పుట్టినవి’ అన్నారు.

ఆ రాత్రి ఆయన చెప్పిన సంగతులు నాకు పాఠాలైనాయి. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచుగల గడ్డిని నమలడం వల్లనే అవి అరుగుతాయి. దాని ఆహారంలో అధిక భాగం గడ్డియే కావాలి. క్యారెట్‌లో చక్కెర ఎక్కువ, అది ఎప్పుడో ఒక చిన్న ముక్కగా మాత్రమే పెట్టదగినది. అది తిన్న మెత్తని రెట్ట రోత కాదు. ఒకమారు జీర్ణం కాని పోషకాలను రెండవమారు గ్రహించే ప్రకృతి ఏర్పాటు. కుందేలు వాంతి చేసికోలేదు. పూటంతా మేత మానితే ప్రాణాపాయమే. పిల్లను ఎనిమిది వారాలు నిండక మునుపు తల్లి నుండి వేరుచేయరాదు. ఎత్తేటప్పుడు ఒక చేయి రొమ్ము క్రింద, మరొక చేయి వెనుక కాళ్ళ క్రింద ఉంచాలి. బెదరి తన్నుకొంటే దాని వెన్నెముకే విరగవచ్చు.

ఇక చెవుల సంగతి. కుందేలుకు మనవలె చెమట పట్టదు. ప్రధానంగా చెవులలోని రక్తనాళాల ద్వారా అది ఒంటి వేడిని బయటకు పంపుతుంది. 30 డిగ్రీలు దాటిన వేడిమియే దానికి కష్టం. మా జిల్లా వేసవిలో, రేకుల క్రింద, నేను దానిని ఎట్టి కొలిమిలో ఉంచానో తలచుకొంటే నేటికీ సిగ్గు కలుగుతుంది.

మరునాటి మధ్యాహ్నం అది నాలుగు పెంటికలు వేసింది. పరీక్షా ఫలితాలు చూచినప్పుడు కూడ నేనంతగా సంతోషించలేదు!

అప్పటి నుండి దాని నివాసం మిద్దె ఇంటి నడిమి గదికి మారింది. ఎండాకాలమంతా కిటికీకి తడి గోనెపట్టా కట్టాను. విద్యుత్తు తీగలను అందకుండా పైకెత్తాను. ఒక మూల తొట్టిలో కాగితం, ఎండుగడ్డి పరిస్తే, కొద్ది వారాలలోనే మలమూత్రాలకు అక్కడికే పోవడం నేర్చుకొన్నది. ఆరు నెలలు నిండేవరకు ఎదుగుదలకై కొంత లూసర్న్ గడ్డి, ఆ పిమ్మట ప్రధానంగా గరిక. వినాయకునికి ప్రీతియైన ఆ గరికయే మా కుందేలుకూ ప్రీతిపాత్రమైనది. ప్రతి ఉదయం పురుగుమందు చల్లని గట్ల మీద కోసి, కడిగి వేస్తాను.

చవితి నాడు మొదలై 21 రోజులు జరిగే బ్రహ్మోత్సవాలలో టపాకాయల మ్రోతకు అది వెనుక కాలితో నేలను దబ్బున కొట్టి దాగుకొనేది. ఎదురు తిరుగలేని జంతువుకు భయమే రక్షణ. రెండు ద్వారాలు గల పెట్టె ఒకటి అమర్చి, తలుపులు మూసి, అది తానై వెలుపలికి వచ్చేవరకు నేల మీదనే కూర్చోవడం అలవాటు చేసికొన్నాను. ఒక రాత్రి అది వచ్చి నా మోకాలిపై గడ్డం ఆనించింది. నేను కదలలేదు.

మిత్రులారా! చక్కగా చూచుకొంటే ఇంటి కుందేలు 8 నుండి 12 ఏండ్లు జీవిస్తుందట. నా పట్టా చేతికి వచ్చి, ఉద్యోగం దొరికి, నేనెక్కడ ఉన్నా దానికి గరిక కావాలి. కాణిపాకంలో చేసిన ప్రమాణం తప్పరాదని మా ప్రాంతం వారి నమ్మకం. ఆ అట్టపెట్టెను అందుకొన్ననాడు తెలియక చేసిన ప్రమాణాన్ని, ఇప్పుడు తెలిసి నిలుపుకొంటున్నాను. కుందేలు పిల్లను ముచ్చటపడి తెచ్చుకోదలచిన వారు, మొదట ఇంట చల్లని చోటును, సమీపాన గడ్డిని, వైద్యుని వెదకి పెట్టుకొని, పిమ్మట తెచ్చుకోండి. నేను పట్టిన కుందేటికి నాలుగు కాళ్ళున్నవి. ఆ మాట ముందుగా చెప్పినది మా అవ్వ. వినడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది.