బిలాస్‌పూర్‌లో తీర్చుకున్న బాకీ

అర్పా నది ఒడ్డున ఉన్నప్పటికీ, బిలాస్‌పూర్‌కు ప్రాణం పోసినది రైలుమార్గమే. నాగపూర్ నుండి ఆసన్‌సోల్ వరకు బెంగాల్-నాగపూర్ రైల్వే వేసిన మార్గం 1891లో ప్రారంభమైనది మొదలు ఈ ఊరు రైళ్ళ వేళలను బట్టే నిద్ర లేస్తున్నది. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడి కాలనీలలో తరాల తరబడి జీవించాయి. అందుకే ఈ స్టేషనులో తెలుగు మాట వినబడితే ఆశ్చర్యపడనక్కరలేదు.

నర్మద పుట్టిన అమర్‌కంటక్ చూడాలని బయలుదేరిన నేను, పేండ్రా రోడ్ వెళ్ళే బండి కోసం ఇక్కడ ఐదు గంటలు నిరీక్షించవలసివచ్చింది. నా ఫోనుకు పవర్ బ్యాంకు తగిలించి కూర్చున్నాను. దానిపై చార్మినార్ ఛాయాచిత్రం ముద్రించి ఉన్నది. 1591 నాటి ఆ కట్టడం అరచేతిలో ఇమిడిపోవడం ఒక వింత. నాలుగు మినార్ల కింద నాలుగు చిన్న దీపాలు. వాటిలో రెండే వెలుగుతున్నాయి.

పక్క బెంచీ మీది వృద్ధురాలు నా చేతిలోని తెలుగు పుస్తకం చూసి పలకరించింది.

“తెలుగోళ్ళా బాబూ? నా ఫోను సచ్చిపోనాది. ఓపాలి దానికి పెడతారా?”

నా టిక్కెట్టు, బస వివరాలు అన్నీ ఫోనులోనే ఉన్నాయి. “ఇందులో కూడా అయిపోయిందండీ” అన్నాను.

“పోన్లెండి. బొమ్మ బాగున్నాది. సార్మినారే కదా? మావోడు ఆ ఊర్లోనే పన్జేస్తన్నాడు” అన్నది ఆమె.

నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. ఎనిమిది వందల మీటర్లు దాటిన ఆ ప్లాట్‌ఫారం వెంట నడక సాగించాను. బొగ్గు నింపుకున్న గూడ్సుబండి ఒకటి సాగిపోతున్నది. ఈ ప్రాంతపు కోర్బా బొగ్గే విద్యుత్తుగా మారి ఎన్ని ఊళ్ళలో దీపాలు వెలిగిస్తున్నదో! ఆ వెలుగులో పిసరంత నా సంచిలో ఉన్నది. దానినే నేను దాచుకున్నాను.

స్టేషనులో రవీంద్రనాథ్ ఠాగూర్ కవిత ఒకటి ప్రదర్శించి ఉన్నది. 1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటిలోని ‘ఫాంకీ’ అది, మోసమని అర్థం. కథ జరిగేది ఈ బిలాస్‌పూర్ స్టేషనులోనే. జబ్బుపడిన బిను అనే ఇల్లాలు గాలిమార్పు కోసం భర్తతో వెళ్తూ ఇక్కడ బండి కోసం ఆగుతుంది. కూతురి పెళ్ళికై రుక్మిణి అనే కూలివాని భార్యకు ఇరవై అయిదు రూపాయలు ఇవ్వమని భర్తను కోరుతుంది. అతడు చాటుగా రుక్మిణిని బెదిరించి, రెండు రూపాయలతో సరిపెట్టి, భార్యకు మాత్రం ఇచ్చానంటాడు. బిను మరణించిన తరువాత బాకీ తీర్చుకోవాలని తిరిగి వస్తాడు. రుక్మిణి కుటుంబం ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది.

ఆ కవితను కళాశాలలో చదువుకున్నాను. అనువదించాలని కూడా ప్రయత్నించాను. అర్థమైనది మాత్రం ఆనాడే. వెనుదిరిగి వేగంగా నడిచాను. ప్లాట్‌ఫారం అంత పొడుగని అప్పుడు తెలిసింది.

ఆమె అక్కడే ఉన్నది. చార్మినార్‌ను ఆమె చేతిలో పెట్టి, “అబద్ధం చెప్పానమ్మా” అన్నాను.

ఆమె నవ్వింది. “తెలుసు బాబూ. రెండు దీపాలు ఎలగతా కనబడ్నాయి. దూరాబారం ఎల్లాలేమో, దాసుకున్నారనుకున్నాను.”

ఫోనుకు ప్రాణం రావడానికి కొన్ని నిమిషాలు పట్టింది. ఈలోగా ఆమె తన కథ చెప్పింది. తండ్రిది విజయనగరం ప్రాంతం. తండ్రీ, భర్తా ఇద్దరూ రైల్వేవారే. పుట్టినదీ, కాపురం చేసినదీ రైల్వే క్వార్టర్లలోనే. కొలువు ముగిస్తే క్వార్టరు వదలవలసిందే. జీవితమంతా గడిపిన ఊరిలో తనదనదగిన గోడ ఒక్కటీ లేదు. భర్త పోయాక అద్దె గది ఖాళీ చేసి, సికిందరాబాదు బండి ఎక్కబోతున్నది.

కొడుకు గొంతు వినగానే, “ఎక్కేత్తన్నాన్రా, టేసనుకు వొచ్చీ” అన్నది. అటు తరువాత కొంతసేపు మాట్లాడలేకపోయింది.

పవర్ బ్యాంకు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ బొమ్మను కొంగుతో తుడిచింది. ఒక్క దీపమే మిగిలి ఉన్నది. పేండ్రా రోడ్ చేరడానికి అది చాలింది.